వంక అడుగు నుంచి అయిదడుగుల అయిదంగుళాలు

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు వంకలో నీటి లోతు రెండడుగుల మూడంగుళాలు. ఏడున్నరకు నాలుగడుగులు. ఎనిమిది గంటల ఇరవై నిమిషాలకు అయిదడుగుల అయిదంగుళాలు. తొమ్మిది గంటల నలభై నిమిషాలకు ఏడడుగుల అయిదంగుళాలు. అంటే, నేను దగ్గరుండి కట్టించిన వంతెన కమాను అడుగుభాగాన్ని నీళ్ళు తాకాయి. ఈ కొలతలన్నీ వంక అడుగు నుంచి లెక్కించినవి. వంతెన నగరి రైలు స్టేషనుకు నాలుగు మైళ్ళ ఒక ఫర్లాంగు దూరాన ఉండేది. రాకపోకలకు తెరిచి ఆనాటికి నలభై ఏడు దినాలు.

ఓవర్సీరు ఉద్యోగంలో కొత్తగా చేరిన యువకులు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, మీ సర్వీసులో చెప్పుకోదగ్గ పని ఏదని అడుగుతుంటారు. బాగా కట్టినవి నిలబడే ఉన్నాయి. వాటిని గురించి నేను చెప్పవలసింది ఏమీ లేదు. ఇక్కడ రాస్తున్నది తప్పుగా కట్టినదాన్ని గురించి, దాన్ని నా నోటితో నేనే తెగ్గొట్టమన్న ఒక పూటను గురించి. ఎవరి పేరూ రాయడం లేదు. వాళ్ళ మనుమలు, మనుమరాళ్ళు ఇప్పటికీ ఆ దారిన నడుస్తున్నారు.

యుద్ధం ఇంకా ముగియని రోజులవి. నా వయసు ఇరవై ఆరు. మద్రాసులో చదువుకొని వచ్చిన కొత్త గర్వం, భుజాన మట్టాలు తీసే డంపీ లెవెల్, చేతిలో లెవెల్ పుస్తకం. అడుగును పన్నెండు భాగాలు చేయడం నాకు మోటుగా తోచేది. అడుగును నూరు భాగాలు చేసి, రెండో దశాంశం దాకా రాసేవాణ్ణి.

వంక పుట్టేది పడమటి కొండల్లో, మా వంతెనకు ఆరున్నర మైళ్ళ ఎగువన. సంవత్సరంలో ఎనిమిది నెలలు అది ఉట్టి ఇసుక. ఆడవాళ్ళు చెలమలు తవ్వుకొని, చిప్పతో నీళ్ళు తోడి కడవలు నింపుకొనేవారు. మిగిలిన నాలుగు నెలల్లోనూ నీళ్ళు మోకాటి లోతు దాటేది పది, పన్నెండు దినాలు. అలాంటి వంకకు వంతెన ఏమిటని మా ఆఫీసులో నవ్వినవాళ్ళు ఉన్నారు. ఆ పన్నెండు దినాలు ఏ నెలలో వస్తాయో నవ్వినవాళ్ళకు తెలియదు.

ఎడమ గట్టున నేతవాళ్ళ వీధి. పద్నాలుగు ఇళ్ళు, ఇరవై మూడు మగ్గాలు. కుడి గట్టున రైతుల ఊరు, అరవై గడప. ఎడమ గట్టునే, దారికి దిగువన ఒక ఫర్లాంగు దూరంలో చాకిరేవు, అయిదు గుడిసెలు. మంత్రసాని ఎడమ గట్టున ఉండేది, వారపు సంత కుడి గట్టున జరిగేది. అందువల్ల వంక వస్తే ఈ గట్టున తిండికి, ఆ గట్టున కాన్పుకు ఇబ్బంది. అన్నిటికంటే పెద్ద చిక్కు కార్తీకంలో వచ్చేది. ఆ మాసంలో తిరుచానూరు అమ్మవారి బ్రహ్మోత్సవాలు. వాటి చివరి దినమైన పంచమి తీర్థానికి వచ్చే జనానికి అమ్మే చీరలు, పంచెల మీదనే నేతవాళ్ళు ఏడాదిలో సగం బతికేవారు. మన ప్రాంతంలో వాయుగుండాలు పట్టేదీ ఆ మాసంలోనే. బండ్లలో బేళ్ళు కట్టుకొని, వంక తగ్గేదాకా గట్టున కూర్చొని, తీర్థం ముగిసిన తరువాత తిరుచానూరు చేరిన సంవత్సరాలు వాళ్ళకు ఉన్నాయి. వంతెన కోసం అర్జీ పెట్టుకొన్నదీ వాళ్ళే.

వంతెన ఎంత ఎత్తు కట్టాలన్నది ఒక్క అంకె మీద ఆధారపడుతుంది. వంక ఎన్నడూ లేనంతగా వచ్చినప్పుడు నీళ్ళు ఎంత ఎత్తుకు చేరాయి? దాన్ని రెండు విధాలుగా తెలుసుకోవాలి. ఎగువన ఎంత నేల మీద కురిసిన వాన ఈ వంకలోకి వస్తుందో చూసి సూత్రం ప్రకారం లెక్క కట్టడం ఒకటి. స్థానికులను విచారించి, వాళ్ళు చూపిన గుర్తుకు మట్టం తీయడం రెండవది. సూత్రం నాకు ఎనిమిది పాయింటు ఒకటి అడుగులని చెప్పింది.

విచారణకు రెండు గట్ల పెద్దలూ వచ్చారు. నేతవాళ్ళ పెద్ద సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మాట్లాడే ముందు పోగు తెగిందేమో చూసుకొన్నట్టు ఒక క్షణం ఆగేవాడు. ఎక్కువలో ఎక్కువ నీళ్ళు ఎందాకా వచ్చాయని నేను అడిగాను. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. తరువాత ఆ పెద్దమనిషే నన్ను ఎడమ గట్టు వాలులో ఉన్న ఒక నున్నటి గుండు దగ్గరికి తీసుకొనిపోయాడు. దానికి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. ప్రతి ఏడూ కొత్త నీళ్ళు వచ్చిన దినం ఆడవాళ్ళు వచ్చి పూసిపోతారని చెప్పారు.

"ఇదే సామీ, ఈడికే," అన్నాడాయన.

నేను అంకెలు గీసిన స్టాఫ్ కర్రను ఆ రాయి మీద నిలబెట్టించి, మూడుసార్లు చూశాను. మూడుసార్లూ ఒకే అంకె. అయిదు పాయింటు నాలుగు రెండు. అంటే అయిదడుగుల అయిదంగుళాలు. అక్కడికక్కడే వాంగ్మూలం రాసి, మూడు సంతకాలు, ఏడు వేలిముద్రలు తీసుకొన్నాను.

సూత్రానికీ రాయికీ మధ్య రెండు అడుగుల ఎనిమిది అంగుళాల తేడా ఉంది. అది నన్ను రెండు దినాలు వేధించింది. మూడో దినం సమాధానం నేనే చెప్పుకొన్నాను. సూత్రం ఎక్కడో కూర్చొని చేసినది, రాయి ఇక్కడిది. పైగా యుద్ధకాలం, సిమెంటు దొరకదు, సున్నంతో కట్టాలి. ఎత్తు తగ్గితే పని తగ్గుతుంది. మా ఇంజనీరుగారు కూడా రాయినే మెచ్చుకొన్నారు. రాయి మట్టానికి రెండడుగుల పైన కమాను అడుగు ఉండేట్టు పటం గీశాను. ఎడమ గట్టుకూ నేతవాళ్ళ వీధికీ నడుమ నూట ఎనభై అడుగుల పల్లం ఒకటి ఉంది. దాని మీదుగా పది అడుగుల ఎత్తున రోడ్డు కట్ట వేయాలి. మొదటి పటంలో ఆ కట్ట కింద నీళ్ళు పోవడానికి రెండు తూములు పెట్టాను. రాయి ప్రకారం అక్కడికి నీళ్ళే రావు కనుక, వాటిని తరువాత నేనే కొట్టివేశాను. ఎర్ర సిరాతో గీత నాది, పక్కన పొడి సంతకం నాది.

రాతిపని మేస్త్రిని గురించి కొంచెం చెప్పాలి. ఆయన చిత్తూరు నుంచి వచ్చిన ముసల్మాను. తండ్రి, తాత అందరూ రాతిపనివాళ్ళే. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్ళు కలిపి గానుగలో తిప్పించేవాడు. బెల్లం దిమ్మెలు దిగిన గంటలోపల వాటిని నీళ్ళలో కరిగించి సున్నంలో పోసేవాడు. అంత తొందర ఎందుకని అడిగితే, ఆలస్యం చేస్తే వంతెనను పనివాళ్ళ కడుపుల్లో కట్టవలసి వస్తుందని బదులిచ్చాడు. నా లెవెల్ పుస్తకం అంటే ఆయనకు వేళాకోళం. నేను రెండో దశాంశం చెప్పినప్పుడల్లా, రాయి చెక్కేది ఉలితోనా కంటి రెప్ప వెంట్రుకతోనా అనేవాడు. అయినా ఆయన పెట్టిన రాయికీ నా అంకెకూ ఎన్నడూ తేడా రాలేదు.

పల్లంలో కట్ట సగం లేచిన దినాల్లో నేతవాళ్ళ పెద్ద ఒక సాయంత్రం వచ్చి, చాలాసేపు నిలబడి చూశాడు. ఆ మాటలు నాకు ఇప్పటికీ అక్షరం పోకుండా గుర్తున్నాయి.

"ఈ పల్లాన్ని మూసేస్తే నీళ్ళు యాడ పోవాల సామీ?"

"ఇక్కడికి నీళ్ళు రావు గదా. ఆ రాయి మీరే చూపించినారు," అని, పటం విప్పి వేలు పెట్టి చూపించాను.

ఆయన పటాన్ని చూశాడు. రాయి ఉన్న వైపు చూశాడు. "మేమే సూపిచ్చినాము," అన్నాడు. అంతటితో ఊరుకొన్నాడు. నేను దాన్ని ఒప్పుకోలు అనుకొన్నాను. మనిషి ఊరుకోవడంలో ఎన్ని రకాలున్నాయో నాకు మద్రాసులో ఎవరూ నేర్పలేదు.

వంతెన తెరిచిన దినం ఆర్భాటం ఏమీ లేదు. మేస్త్రి ఒక కొబ్బరికాయ తెప్పించి, తాను కొట్టకుండా, నేతవాళ్ళ పెద్ద చేత కొట్టించాడు. తరువాత బండ్లు దాటాయి, మనుషులు దాటారు. దాటనన్నవి చాకలివాళ్ళ గాడిదలు. అవి తొమ్మిది దినాలు వంతెన మొదట నిలబడి, వెనక్కి తిరిగి, కిందికి దిగి, పాత దారిన ఇసుకలోనుంచే పోయాయి. కుడి గట్టు రైతులు నన్ను చూసి, గాడిదలు కూడా మెచ్చుకొనేట్టు కట్టాలి గదా అని ఎగతాళి చేశారు. చాకలి అవ్వ మాత్రం గాడిదల తరఫున నాకు క్షమాపణ చెప్పుకొంది. కొత్తదంటే వాటికి కొంచెం వెరపు సామీ అంది. ఆమెకు డెబ్బై ఏళ్ళు ఉండవచ్చు. వంతెన కట్టినన్నాళ్ళూ నా బట్టలు ఆమే ఉతికింది.

ఇక ఆ దినం. పంచమి తీర్థానికి పదకొండు దినాల ముందు. రెండు దినాలుగా వాన విడవలేదు. కుడి గట్టు ఊళ్ళో అద్దె గదిలో ఉన్న నేను తెల్లవారగానే వంతెన మీదికి వచ్చాను. మేస్త్రి, పిట్టగోడ పని కోసం మిగిలిన పదకొండుమంది పనివాళ్ళు అప్పటికే అక్కడ ఉన్నారు. వంతెన పక్కన నాటిన కొలత కర్ర చూసి, పది నిమిషాలకు ఒకసారి లోతు రాసుకొంటున్నాను. ఎనిమిది గంటల ఇరవై నిమిషాలకు పసుపురాయి మునిగింది. అప్పుడు కూడా నేను కలవరపడలేదు. రెండడుగుల జాగ్రత్త నా చేతిలో ఉందనుకొన్నాను. అది గంటా ఇరవై నిమిషాల్లో చెల్లిపోయింది. కొండల్లోనుంచి కొట్టుకొనివచ్చిన తాటిమాను ఒకటి నడిమి కమానుకు అడ్డం పడింది. దానికి కంప, బొమ్మజెముడు పట్టుకొని తడికలా తయారైంది. వంతెన కింద పోలేని నీళ్ళు పక్కకు తిరిగి, పల్లం నిండి, నా కట్టకు ఆనుకొని చెరువులా నిలిచాయి. ఆ చెరువుకు రెండో ఒడ్డు నేతవాళ్ళ వీధి.

మగ్గం గుంట చూడనివాళ్ళ కోసం ఒక మాట. నేతగాడు గుంట అంచున కూర్చొని, కాళ్ళు లోపలికి పెట్టి, తొక్కుడు కర్రలు తొక్కుతూ నేస్తాడు. ఇంట్లోకి వచ్చిన నీళ్ళు మొదట చేరేది ఆ గుంటలోకే. గుంట నిండితే పైన నిలువుగా సాగదీసి ఉన్న పడుగు తడుస్తుంది. గంజి పెట్టిన పోగులు తడిస్తే ఒకదానికొకటి అంటుకొని, మళ్ళీ విడవవు. పడుగు తీసి దాచుకొందామంటే నేసినదాన్ని నడిమికి కోయాలి. అప్పుడు నూలు కంట్రోలులో ఉంది, కార్డు మీద కొలిచి ఇచ్చేవారు. పోయిన నూలుకు మళ్ళీ నూలు లేదు. తీర్థానికి అమ్మవలసిన బట్ట అంతా ఆ మగ్గాల మీదనే ఉంది.

పది గంటల ఇరవై అయిదు నిమిషాలకు నేతవాళ్ళ పెద్ద మోకాళ్ళ దాకా బురదతో కట్ట మీదికి వచ్చాడు. అరవలేదు. నా ముందు నిలబడి, ఎప్పటిలా ఒక క్షణం ఆగాడు.

"సామీ, కట్ట తెగ్గొట్టమని మేము అడగలేము. అది సర్కారుది. మా ఇండ్లలో నీళ్ళు దూరినాయని సెప్పేదానికి మాత్రం వొచ్చినా."

ఎన్ని ఇళ్ళలో అని అడిగాను.

"నాలుగు గుంటలు నిండినాయి. అయిదో ఇంటి గడప తడస్తా ఉండాది."

నగరి పోయి తంతి ఇవ్వాలంటే ఆ దారి అప్పటికే రెండు చోట్ల తెగింది. ఇంజనీరుగారు ఉన్నది చిత్తూరులో. అనుమతి లేకుండా ప్రభుత్వ రోడ్డును తెగ్గొట్టిన ఓవర్సీరుకు ఏమవుతుందో నాకు తెలుసు. ఉద్యోగం పోవచ్చు, కేసు పెట్టవచ్చు. నా జీతం మీద మా ఇంట్లో ఆరుగురు ఆధారపడి ఉన్నారు. అదొక్కటే అయితే ఇంత ఆలోచన లేదు. కట్ట తెగితే నీళ్ళు పోయేది దిగువకు. అక్కడ ఒక రైతు వరిమడి ఉంది, దాని అవతల చాకలివాళ్ళ గుడిసెలు ఉన్నాయి. ఒకరిని ముంచిన తప్పును దిద్దడానికి ఇంకొకరిని ముంచాలి.

ఆ రైతు అక్కడే ఉన్నాడు. కుడి గట్టు నుంచి వంతెన దాటి వచ్చి, ఏం జరగబోతోందో నాకంటే ముందే గ్రహించి, పల్లం నడుమ కట్ట మీద నిలబడ్డాడు.

"కోతకు ఇంగ ఇరవై దినాలు ఉండాది. నా మడి లోకే గదా మీరు వొదిలేది?"

అవునని చెప్పాను. నీ మాట ఏమిటని అడిగాను.

"కట్టేటప్పుడు ఎవుర్నడిగి కట్టినావు సామీ? కొట్టేటప్పుడు నన్నెందుకు అడగతావు?"

ఆయన నేతవాళ్ళ వీధి వైపు చూశాడు. ఆడవాళ్ళు అట్టడుగున ఉన్న ఇళ్ళలోనుంచి నూలు చుట్టలు నెత్తిన పెట్టుకొని బయటికి వస్తున్నారు. ఆయన కట్టుకొన్న పంచె కూడా ఆ వీధిలో నేసినదే. కాసేపటికి కట్ట మీదినుంచి పక్కకు జరిగాడు. "తవ్వుకోండప్పా. నేను సూడలేను," అని, వంతెన మీదుగా తిరిగి వెళ్ళిపోయాడు.

చాకలి అవ్వ కట్ట దిగువన నిలబడి ఇదంతా వింటూ ఉంది. నేను అడగకముందే ఆమె మాట్లాడింది. "మమ్మల్ని గురించి యోచన సెయ్యొద్దు సామీ. మా సామాన్లన్నీ మిట్టన ఉండాయి. గాడిదల్ని ఇప్పేదానికి రవ్వంత యాళ ఇయ్యి, సాలు."

మేస్త్రి అప్పటికే గడ్డపార పట్టుకొని ఉన్నాడు. కట్ట వాలుకు రాతిపరుపు వేసింది ఆయనే. ఒక్కొక్క రాయిని తట్టి, మోత విని పేర్చాడు. నేను జేబులోనుంచి లెవెల్ పుస్తకం తీసి ఉత్తరువు రాయబోతే ఆయన చేత్తో ఆపాడు.

"కాగితం వద్దు సాబ్. కాగితం తరువాత రాసుకో. పెట్టమంటే పెట్టినా, తియ్యమంటే తీస్తా. కానీ మాట నీ నోట్లోనుంచి రావాల. వీళ్ళందరూ ఇనాల."

తెగ్గొట్టండి అన్నాను. గడియారం పది గంటల యాభై రెండు నిమిషాలు.

మొదటి పది రాళ్ళు మేస్త్రి తన చేతులతోనే తీశాడు. విసిరివేయలేదు. ఒకదాని మీద ఒకటి కట్ట మీదనే పేర్చాడు. తరువాత పనివాళ్ళు, వాళ్ళతోపాటు నేతవాళ్ళు ఏడుగురు పారలు పట్టారు. పదకొండు గంటల ముప్పై అయిదు నిమిషాలకు రెండడుగుల వెడల్పున కాలువ దిగువకు తెగింది. అంతటితో మనుషుల పని అయిపోయింది. పావుగంటలో అది ఇరవై అడుగులైంది. మధ్యాహ్నానికి నలభై ఆరు అడుగులు. వంతెన ఎడమ వైపు గట్టు మట్టిని ఆపే రెక్కగోడ పునాది కదిలి, మేస్త్రి చూస్తూ ఉండగానే నెమ్మదిగా ముందుకు వంగి పడిపోయింది. ఆయన గడ్డం నిమురుకొని, సున్నం ఇంకా పచ్చిగానే ఉంది సాబ్, ఇంకో ఏడు గడిచి ఉంటే ఇంత సులభంగా పడేది గాదు అన్నాడు. ఆ మాటలో విచారం ఎంతో, గర్వం ఎంతో నేను ఇప్పటికీ విడదీయలేను.

వీధిలో నీళ్ళు పెరగడం పదకొండు గంటల యాభై నిమిషాలకు ఆగింది. పన్నెండుంబావుకు నాలుగు వేళ్ళు తగ్గాయి. నేతవాళ్ళ పెద్ద కట్ట మీదికి మళ్ళీ వచ్చి, ఆరో ఇంటితో ఆగిపోయింది సామీ అని చెప్పి, వెంటనే వెనక్కి పోయాడు. తడిసిన పడుగులను ఆరబెట్టే పని ఉంది.

అవ్వ గాడిదలు అయిదింటిని విప్పింది. నాలుగు మిట్ట ఎక్కాయి. ఒకటి మాత్రం తనకు అలవాటైన పాత దారి పట్టి, వంకలోకి దిగింది.

మరునాడు నీళ్ళు తగ్గాక, ఒండ్రు గుర్తులకు మట్టాలు తీసుకొంటూ చాకిరేవు దాకా వెళ్ళాను. బట్టలు ఉడకేసే బాన గట్టుకు చాలా పైన, ఒక మిట్ట మీద ఉంది. సంవత్సరం పొడుగునా నేను దాన్ని చూస్తూనే ఉన్నాను. రేవు కింద, బాన అంత పైన. తడిబట్టల మూటలు మోసుకొని రోజూ ఎక్కాలి. అంత కష్టం ఎందుకు పడుతున్నారని ఒక్కసారి కూడా నాకు తోచలేదు. అవ్వను అడిగాను. ఆ పసుపురాయి దాకానే నీళ్ళు వస్తాయన్నారు గదా, ఇంత పైన ఎందుకు పెట్టుకొన్నారు?

ఆమె నన్ను జాలిగా చూసింది. "ఆ రాయి మేము అడిగే కొలత సామీ. ఇంతే సాలు తల్లీ, ఇంతకు మించొద్దు అని పసుపు పెట్టి వంకను అడగతాము. ఆయమ్మ ఎంత వొచ్చిందో నోటితో సెప్పగూడదు. సెప్తే మళ్ళా అంత రమ్మని పిల్సినట్టే."

మరి ఈ మిట్ట?

"ఒక సమ్మచ్చరం మా అత్త బానను కింద నుంచి ఈడికి మార్చింది. ఎందుకని నేను అడగలా. అత్త సెప్పలా."

నేను లెవెల్ తెప్పించి ఆ మిట్టకు మట్టం తీశాను. రేవుకూ వంతెనకూ మధ్య వంక వాలు ఎంతో లెక్కకట్టి సరిచేశాను. ఎనిమిది అడుగుల ఒక అంగుళం. నేను పక్కన పెట్టిన సూత్రానికీ, ఆ అత్తగారి మిట్టకూ తేడా అంగుళం కూడా లేదు. నేను కొలిచినదాన్ని అడుగులో నూరో వంతు దాకా సరిగ్గానే కొలిచాను. అయితే నేను కొలిచింది ఒక మొక్కు.

ఆ సాయంత్రం నేతవాళ్ళ పెద్ద దగ్గరికి వెళ్ళి, పల్లం మూసేటప్పుడు నాకు ఈ మాట ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆయన తడిసిన పడుగుకు గంజి వదిలిస్తూ, పోగు పోగూ వేలితో విడదీస్తున్నాడు. తల ఎత్తలేదు.

"మా నాయన కాలంలో వొచ్చినదాన్ని మా నాయనే సెప్పలా. నేనెట్టా సెప్పేది? పల్లం మాట అడిగితే మీకు తెలస్తాదనుకొన్నా."

ఆయన అడిగాడు. నేనే తెలుసుకోలేదు.

తొమ్మిదో దినం ఇంజనీరుగారు విచారణకు వచ్చారు. తెగిన కట్టను, పడిన గోడను చూశారు. నన్ను పక్కకు పిలిచి, వాంగ్మూలం మీదున్న వేలిముద్రలను చూపించారు. ఆయన నా చెడు కోరిన మనిషి కారు. తప్పుడు మట్టం చూపించింది ఊరివాళ్ళు, అందుకు ఇదే రుజువు, ఆ విధంగా నివేదిక రాసి ఇస్తే నీ మీదికి ఏమీ రాదు అన్నారు. రాస్తే ఏమయ్యేదో నాకు తెలుసు. కట్ట బాగుచేసే ఖర్చును ఆ పదిమంది నెత్తిన వేయడానికి నిబంధనల్లో వీలుంది.

"వేలిముద్రలు వాళ్ళవి సార్, ప్రశ్న నాది," అన్నాను. "తూములు కొట్టివేసిన గీత కూడా నాదే."

ఆయన పటం తెప్పించి నా ఎర్ర సిరా గీతను చూశారు. తరువాత, నివేదిక నీ చేతిరాతతోనే ఉండాలి, కొట్టివేతలు లేకుండా, అన్నారు. అదే ఆయన చేసిన వేళాకోళం. నా మీద ఆయన రాసిన పంక్తుల్లో కట్ట తెగ్గొట్టకుంటే వంతెన మొత్తం పోయేదన్న వాక్యం కూడా ఉందని నాకు చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. ఉద్యోగం ఆ వాక్యం వల్లనే నిలిచింది.

వరిమడి రైతు మా ఆఫీసుకు నా మీద అర్జీ పెట్టుకొన్నాడు. అది న్యాయమే. ఆ అర్జీ రాయించుకొన్న దినమే నేతవాళ్ళ వీధికి రెండు కడవల రాగిసంగటి, చెనక్కాయ ఊరిబిండి పచ్చడి పంపించాడు. పొయ్యిలు తడిసిన ఇళ్ళు మూడు దినాలు ఆ ఊరి సంగటే తిన్నాయి. పంచమి తీర్థానికి బేళ్ళు మోసిన బండ్లలో ఒకటి ఆయనదే. కట్ట తెగిన చోట బండి దిగువకు దించి, మళ్ళీ పైకి ఎక్కించడానికి మేస్త్రి తన పనివాళ్ళను పంపాడు. నేనూ ఒక చక్రం పట్టాను.

మరుసటి సంవత్సరం ఆ పల్లంలో అయిదు తూములు కట్టాము. మేస్త్రి తాను పేర్చి పెట్టుకొన్న ఆ మొదటి రాళ్ళను వాటిలో వాడాడు. ఆ తరువాత ముప్పై ఏళ్ళు అనేక వంకలకు, ఏర్లకు పోయాను. నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయని ఏ ఊళ్ళోనూ మొదట అడగలేదు. బాన ఎక్కడ పెట్టారు, గడ్డివామి ఎక్కడ వేశారు, వానాకాలంలో పశువులను ఎక్కడ కడతారు అని చూసేవాణ్ణి. చూసి, ఎందుకని అడగకుండా, స్టాఫ్ కర్ర నిలబెట్టించేవాణ్ణి. సూత్రాలను నమ్మవద్దని చెప్పడం లేదు. నా విషయంలో సూత్రమే గెలిచింది. రెండూ కలవనప్పుడు మూడో దినం సమాధానం మీరే చెప్పుకోవద్దు. అంతే.

నష్టాల పట్టిక నా పాత లెవెల్ పుస్తకం చివరి పేజీలో ఉంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

రోడ్డు కట్ట, తెగినది నలభై ఆరు అడుగులు. రెక్కగోడ ఒకటి. రాతిపరుపు, కొట్టుకొనిపోయినది ముప్పై ఒక్క చదరపు గజాలు. వరిమడి, ఇసుక మేట వేసినది ఒక ఎకరా పది సెంట్లు. గాడిద ఒకటి. ఓవర్సీరు ఇంక్రిమెంటు, ఆగినది ఒక సంవత్సరం. మనుషులు ఎవరూ లేరు. మగ్గాలు మొత్తం ఇరవై మూడు. గుంటలోకి నీళ్ళు చేరినవి ఆరు, చేరనివి పదిహేడు.